ఒకే ముహూర్తానికి కొన్న నాలుగు డ్రైవులు

మా మేనకోడలు బాలలక్ష్మి గెలిచిన మొదటి గెలుపు గజ్వేల్ రోడ్డు మీది రైస్ మిల్లులో. ఆ మిల్లులో కెమెరాలు ఉన్నాయి, కెమెరాలు తీసింది దాచే రికార్డరు పెట్టె ఉంది. కానీ పంట వచ్చి మిల్లు ఆడడం మొదలైతే చాలు, ఆ పెట్టెలోని హార్డ్ డ్రైవు చచ్చిపోయేది. కొత్తది పెట్టేవారు, అదీ చచ్చేది. యజమాని మధుసూదన్ వాస్తు చూపించి గేటు జరిపించాడు. గేటు జరిగింది గాని డ్రైవు బతకలేదు. అప్పుడు బాలలక్ష్మికి సిద్దిపేటలో ఎవరూ పని ఇవ్వని కాలం. ఎవరూ పిలవకుండానే తానే పోయి, మిల్లు ఆడుతుండగా రికార్డరు వేలాడదీసిన గోడ మీద అరచెయ్యి పెట్టి నిలబడింది.

"గోడ వణుకుతుంది సేటూ. గీ వణుకుల మనిషే నిలవడడు. డ్రైవు లోపల చదివే ముల్లు ఎంట్రుక కన్న సన్న సందుల తిరుగుతది, అదెట్ల నిలవడ్తది? పైంగ గిది ఇంట్ల కంప్యూటరుకు వెట్టే డ్రైవు. పగలు రాత్రి రాసే పెట్టెల దీన్ని వెడ్తే బతుకుతదా?"

"హైదరాబాదు నుంచి వచ్చినోడే గిది వెట్టిండమ్మా. నువ్వు ఆయనకన్న ఎక్కువనా?" అని నవ్వాడు మధుసూదన్.

"ఎక్కువనో తక్కువనో వచ్చే పంటకు తెలుస్తది. పోయిందనుకో, మళ్ల నీ గేటు తొక్క."

పెట్టెను ఆఫీసు గదిలోకి మార్చింది, కింద రబ్బరు వేసింది, కెమెరాల కోసమే చేసిన రకం డ్రైవు తెచ్చి పెట్టింది. వానకాలం వడ్లు వచ్చాయి, పోయాయి. యాసంగి వడ్లు వచ్చాయి. డ్రైవు ఆగలేదు. ఇప్పటికీ అదే తిరుగుతోంది, అనుమానం ఉన్నవాళ్లు పోయి చూసుకోవచ్చు.

ఈ గెలుపు వెనక ఒక పగ ఉంది. పగ అని రాయడానికి నాకు సిగ్గు లేదు. మరిచిపోవాలి, క్షమించాలి అని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్ల మేనకోడలిని పదిమందిలో ఎవరూ అనరాని మాట అనలేదు గనుక చెబుతారు.

నేను చిన్నకోడూరు కుమ్మరి మల్లయ్యను. మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను, ఏడింట్లో మొదటివాణ్ణి. మా మండలంలో కరెంటు మోటారుతో సారె తిప్పిన మొదటి కుమ్మరిని నేనే. ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్లలో నా చేతి గూన పెంకు కప్పని ఇల్లు వెతికితే గాని దొరికేది కాదు. సంఘానికి రెండుసార్లు అధ్యక్షుణ్ణి. చెరువు మట్టి మాకు కావాలని కట్ట మీద కూర్చుని, ఆఫీసర్లను కట్ట మీదికే రప్పించి సాధించినవాణ్ణి. కప్పిన శాలువాలు బీరువాలో ఒక అర నిండా ఉన్నాయి. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నేను ఉత్తగా ఎవరినీ పొగిడే మనిషిని కాను. మా ఇంట్లో నన్ను మించినవాళ్లు ఇద్దరే. ఒకరు నన్ను కన్న రాములవ్వ, రెండోది మా చెల్లెలి బిడ్డ బాలలక్ష్మి.

ఇంటరు అయ్యాక సిద్దిపేటలో కంప్యూటరు నేర్చుకుంటానంటే చేర్పించింది నేనే. పెళ్లి చేసిందీ నేనే. అల్లుడు మహేందర్ మంచివాడు. రాజీవ్ రహదారి మీద లారీ గుద్ది పోయాడు. అత్తగారింట్లో ఉండలేక, నా ఇంటికి రాలేక, సిద్దిపేటలో ఒక గది కిరాయికి తీసుకుని ప్రభాకర్ స్టూడియోలో పనికి చేరింది.

ప్రభాకర్‌ది భూములున్న కుటుంబం. కొంత అమ్మి స్టూడియో పెట్టాడు, పెళ్లిళ్ల వీడియోలలో పేరు తెచ్చుకున్నాడు. చెడ్డ పనివాడని నేను అనను. కానీ పంచాంగం చూడనిదే కెమెరా మూత కూడా తీయడు. వాళ్ల పనిలో ఒక చిక్కు ఉంది. పెళ్లి అయిపోతుంది గాని పెళ్లివాళ్లు ఆల్బం తేల్చరు. మేనమామ ఫొటో రెండో పేజీలో పడాలా నాలుగో పేజీలో పడాలా అని అలుగుతారు. ఆ అలక తీరేదాకా తీసిందంతా స్టూడియోలోనే ఉండాలి. ఒక్కో పెళ్లి ఏడాదిపాటు కూడా ఉంటుంది. అందుకని ప్రభాకర్ నాలుగు డ్రైవులు పట్టే సర్వరు పెట్టె ఒకటి కొందామనుకున్నాడు. ఏ డ్రైవులు కొనాలో బాలలక్ష్మినే అడిగాడు. అడిగి, విననేలేదు.

"అన్నా, నాలుగు ఒక్క దుకాణంల, ఒక్క డబ్బలకెల్లి తీసుకోకు. రెండు ఇప్పుడు తీసుకో, రెండు నెల ఆగి ఇంకో దుకాణంల తీసుకో" అని చెప్పిందట.

"ఎందుకమ్మా?"

"ఒక్క కార్ఖానల ఒక్కనాడే పుట్టినయి, ఒక్కనాడే పని మొదలువెడ్తే ఒక్కతీరుగనే అరుగుతయి. పోతే జోడువట్టుకొని పోతయి. నలుగురు పాడె మోస్తరు సూడు, ఒకని కాలు జారితె ముగ్గురు ఆపుకుంటరు. ఇద్దరి కాళ్లు జారినయనుకో, పీనుగ రోడ్డు మీదనే."

"దసరా ముంగట పాడె ముచ్చట ఏందమ్మా! నోట్లెకెల్లి మంచిమాట రాదా నీకు?"

"మంచిమాట చెప్తె నువ్వు ఇంటవా? ఇంకోటి. అగ్గువకు వస్తయని గూన తీరు రాసేటియి తేకు. గవి సర్వరుకు పనికిరావు."

గూన అన్న మాట ఆమె నా దగ్గరే నేర్చుకుంది. కొన్ని డ్రైవులలో రాసే గీతలు ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి ఉంటాయట, కప్పు మీద గూన పరిచినట్టు. తక్కువ జాగలో ఎక్కువ పడుతుంది గనుక ధర తక్కువ. ఒకసారి రాసిపెట్టి దాచుకునే ఇంటివాళ్లకు అది చాలు. కానీ మాటిమాటికీ తిరగరాసే చోట, మధ్యలో ఒక్క గూన మార్చాలన్నా పక్కన ఉన్నవి లేపి మళ్లీ కప్పుకుంటూ రావాలి. అందులో ఎంత సేపు పోతుందో, కప్పు ఎక్కి చేతులు కాల్చుకున్న నాకు ఒకరు చెప్పనక్కరలేదు.

ప్రభాకర్ దానికి ఏమన్నాడో తెలుసా? "ముహూర్తపు సామాను ముక్కలుముక్కలుగ కొంటరా ఎవలన్న? పెండ్లిబట్టలు సగం ఇయ్యాల, సగం వచ్చే నెల తెచ్చుకుంటమా?" అన్నాడు. సికింద్రాబాదు పోయి, మంచి ఘడియలో, ఒకే డబ్బాలోంచి, చవకగా వచ్చే గూన రకమే నాలుగు తెచ్చాడు.

దసరా నాడు బాలలక్ష్మి వాటిని పెట్టెలో బిగించింది. బిగించేదాకా ఆమె చెయ్యి కావలసి వచ్చింది. స్విచ్చు వేసే ఘడియ రాగానే ప్రభాకర్ భార్య ప్రమీలాదేవి హారతి పళ్లెంతో వచ్చింది. ప్రభాకర్ మా పిల్ల వైపు తిరిగి, "నువ్వు జెరసేపు బయట నిలవడు బాలలక్ష్మీ, ఏమనుకోకు" అన్నాడు. మొగుడు లేని ఆడది ముహూర్తంలో కనబడకూడదని. మెట్ల మీద నిలబడింది. లోపల కొబ్బరికాయ కొట్టిన చప్పుడు విన్నది. ఆ మాట నాకు చాలా రోజుల దాకా చెప్పలేదు. చెప్పి ఉంటే కథ అప్పుడే ఇంకో దారి పట్టేది.

రెండో ఏడు పెళ్లిళ్ల సీజనులో ఒక డ్రైవు పోయింది. మిగిలిన మూడూ మోస్తున్నాయి. పోయినదాని జాగలో కొత్తది పెడితే, మూడింట్లో ఉన్నదంతా చదివి, పోయిన భాగం లెక్కగట్టి, కొత్తదానిలో రాయాలి. అది మూడింటికీ పెద్ద బరువు. "ముందుగాల మూడింట్ల ఉన్నది వేరేదాంట్లకు కాపీ తీద్దాం, తర్వాత కొత్తది వెడ్దాం" అని బాలలక్ష్మి మొత్తుకుంది. ఆయన వినలేదు. మళ్లీ అదే రకం, అదే గూనది తెచ్చి పెట్టాడు. గంటల్లో అయ్యే పని రోజులు పట్టింది. ఆ రోజులన్నీ పాత మూడూ ఊపిరి సలపకుండా తిరిగాయి. మధ్యలో రెండోది, దానితోపాటు పుట్టినది, టిక్కు టిక్కుమని ఆగిపోయింది. పీనుగ రోడ్డు మీద పడింది. ఆ సీజను పెళ్లిళ్లన్నీ పోయాయి.

పెళ్లివాళ్లు స్టూడియో మీదికి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. మండలాఫీసులో నాకు శాలువా కప్పిన ఫొటో పెద్దది చేయించుకుందామని పోయాను. వచ్చినవాళ్లలో షమ్షున్నీసా ఉంది, బట్టల దుకాణం వాళ్ల ఇంటావిడ. తన బిడ్డ అర్షీన్ నిఖా వీడియో కోసం వచ్చింది. ఆ నిఖాలో ఆమె తండ్రి ఫజల్ సాబ్ కుర్చీలో కూర్చుని దువా చదివాడు. తర్వాత కొద్దిరోజులకే పోయాడు. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు.

"ప్రభాకర్ భాయ్, మా అబ్బా ఆవాజ్ ఒక్కటి ఇయ్యుండ్రి, తక్కింది ఏం వద్దు" అని ఏడ్చింది.

ప్రభాకర్ ముఖం నల్లబడింది. తప్పించుకునే దారి వెతికాడు. వెతికితే మా పిల్ల కనబడింది.

"నేనేం జేద్దును చెల్లే? ముహూర్తం సూసి తెచ్చిన, నా భార్యతోని దీపం వెట్టిచ్చిన. బిగించిన చెయ్యి మాత్రం ఆమెది. మొగున్ని మింగిన చెయ్యి. గా చెయ్యి తగిలినంక ఏం బతుకుతది?"

అందరూ విన్నారు. నేను చెప్పు తీశాను, ఇద్దరు పట్టుకున్నారు. బాలలక్ష్మి మాత్రం ఏడవలేదు. ముందుకు వచ్చి చెయ్యి చాపింది.

"సచ్చిన డ్రైవులు నాకియ్యి అన్నా. నా చెయ్యి సంపిందా, నీ ముహూర్తం సంపిందా సూపిస్త."

"ముట్టకు! ఉన్నయి గుడ పాడు జేస్తవా?" అని ప్రభాకర్ మొదట కొన్న నాలుగింటినీ తీసి అటక మీద పెట్టించాడు.

ఆ మాట స్టూడియోలోనే ఉండిపోలేదు. సిద్దిపేట చిన్నదేం కాదు గాని, ఇట్లాంటి మాట తిరగడానికి సరిపోయేంత చిన్నదే. ఏ స్టూడియోకు పోయినా కుర్చీ వేసి చాయ్ ఇచ్చేవారు, పని ఇచ్చేవారు కాదు. కంప్యూటరు సెంటరువాళ్లు మర్యాదగా, "చూస్తాం" అన్నారు. ఒకావిడ ఇంట్లో పెట్టె బాగుచేయడానికి పోతే, పసుపు నీళ్లు చల్లిన చప్పుడు వెనక నుంచి వినబడిందట. ఈ ముద్ర చెరగాలంటే ఆ డ్రైవులు బయటికి రావాలి. వాటిని విప్పి చూసే ల్యాబుకు పోవాలి. ఆమెకు అదొక్కటే పట్టుదల, నాకూ అదొక్కటే. ప్రతి దసరాకూ ప్రభాకర్‌కు కబురు చేసేది, "నా డ్రైవులు ఇస్తవా?" అని. ఆయన జవాబే ఇచ్చేవాడు కాదు.

జాగ ఇచ్చింది జునైద్. లాల్ కమాన్ దగ్గర సందులో కంప్యూటరు సామాన్ల దుకాణం అతనిది. "బాలక్కా, సగం టేబుల్ నాది, సగం నీది. నా దుకాణంల పంచాంగం లేదు, ఫికర్ వద్దు" అన్నాడు. అక్కడి నుంచే ఆమె మిల్లుకు పోయింది, గెలిచింది. మిల్లు మాట పట్టుకుని మందుల దుకాణం వచ్చింది, పత్తి జిన్నింగు వాళ్లు వచ్చారు, ఒక ప్రైవేటు దవాఖాన తన స్కానింగు బొమ్మలు దాచే సర్వరు మొత్తం ఆమె చేతికే అప్పగించింది. ఆ చేతికే!

ఆ దుకాణంలో స్టూలు మీద కూర్చుని నేను చాలా బేరాలు చూశాను. ఎవరైనా వచ్చి "ఒక హార్డ్ డ్రైవియ్యి, మంచిది" అంటే ఆమెకు కోపం.

"మంచిది అంటె ఏంది అన్నా? సంతకు పోయి మంచి ఎద్దు ఇయ్యుమంటవా? దుక్కికా, బండికా, గానుగకా?"

ఆ తర్వాత అడిగేది. దీంట్లో ఏం పెడతావు? రోజుకు ఎంతసేపు తిరుగుతుంది? పోతే ఏడుస్తవా, తిట్టుకుని ఊరుకుంటవా? ఏడుస్తాను అన్నవాడికి ఒక్క డ్రైవు అమ్మేది కాదు, రెండు తీసుకోవాల్సిందే. ఒకటి ఇంట్లో, ఒకటి ఇంకో ఇంట్లో. ఇంట్లో ఫొటోలు దాచుకుని అప్పుడప్పుడు తెరిచేవాడికి జేబులో పట్టే డ్రైవు చాలు, గూన రకమైనా నష్టం లేదు. రోజంతా కూర్చుని పనిచేసే డెస్క్‌టాప్‌కైతే కంప్యూటరు తొందరగా లేవడానికి చిప్పుల డ్రైవు ఒకటి, సామాను దాచడానికి తిరిగే డ్రైవు ఒకటి. గానుగెద్దులా ఆగకుండా తిరిగే సర్వరుకు దాని కోసమే చేసినవి, పక్క డ్రైవుల వణుకు తట్టుకునేవి, గూన రాత లేనివి. కెమెరాలకు కెమెరాల రకం. "పెద్దది కొన్నోడు తెలివిగలోడు కాదు, రెండో కాపీ ఉన్నోడు తెలివిగలోడు" అనేది. నా శాలువా ఫొటోలన్నీ కూడా ఇప్పుడు రెండు డ్రైవులలో ఉన్నాయి. ఒకటి మా ఇంట్లో, ఒకటి ఆమె దగ్గర. నేను పోయాక కూడా నా పేరుకు ఢోకా లేదు.

ఇక ఈ ఏడు సంగతి. నేను కాచుకుని ఉన్న ఏడు ఇది.

ప్రభాకర్ తన బిడ్డ మైత్రి పెళ్లి శ్రావణంలో చేశాడు. బిడ్డ పెళ్లికి తన కెమెరాలన్నీ దించాడు. తీసిందంతా కొత్త సర్వరులో పెట్టాడు. ఆ కొత్త సర్వరుకు కూడా నాలుగు డ్రైవులూ ఒకే ముహూర్తానికి కొన్నాడు. ఎవరైనా ఒకసారి కాలు కాలితే చూసి నడుస్తారు. ఈయన ముహూర్తం సరిగ్గా కుదరలేదని ఇంకో అయ్యగారి దగ్గరికి పోయాడు, అంతే తేడా. దసరా దాటాక ఒక డ్రైవు టిక్కు టిక్కుమంది. ఈసారి కొత్తది పెట్టడానికి చేతులు రాలేదు. పెట్టె ఆపేసి, సికింద్రాబాదులో తనకు డ్రైవులమ్మిన దుకాణంవాడికే ఫోను చేశాడు. వాడేమన్నాడంటే, "మా దాకా ఎందుకు సార్? మీ సిద్దిపేటలోనే బాలలక్ష్మి గారు ఉన్నారు కదా, మేమే ఆమెను అడుగుతుంటాం" అన్నాడు.

మొదట పనివాడితో పెట్టె పంపించాడు. బాలలక్ష్మి తిప్పి పంపింది. తర్వాత ఫోను చేశాడు. ఎత్తలేదు. మూడోసారి తానే వచ్చాడు, వెంట ప్రమీలాదేవి. నేను స్టూలు మీదే ఉన్నాను. లేవలేదు.

"బాగున్నవా అమ్మా, బాలలక్ష్మీ?"

"నా చెయ్యి బాగనే ఉన్నది అన్నా. నీ డ్రైవులెట్లున్నయి?"

జునైద్ తన కుర్చీ ఎత్తి కాస్త దూరం వేశాడు. "ప్రభాకర్ సాబ్, గిటు జరుగుండ్రి. అక్క చెయ్యి తగుల్తదేమో, ఖాళీపీలీ పరేషాన్ ఎందుకు!"

నేను గట్టిగా నవ్వాను. సందు చివర దాకా వినబడాలనే నవ్వాను.

ప్రభాకర్ తల వంచుకుని, "బిడ్డ పెండ్లి అండ్ల ఉన్నది" అన్నాడు.

"అర్షీన్ గుడ ఒకరి బిడ్డనే గద" అంది బాలలక్ష్మి. "నీ పెట్టె సూస్త. పని నాకు వచ్చు, సూడకుండ ఉండ. గని నా షరతులు నాకున్నయి. అటక మీది పాత డ్రైవులు నాలుగు గుడ తేవాలె."

"అవి ఎప్పుడో సచ్చినయి గదమ్మా, ఇంకెందుకు?"

"ఎవలు సంపిన్రో తెలువాలె గద అన్నా. రెండో షరతు, ఆనాడు ఎవలెవలు ఉన్నరో వాళ్లందర్ని మళ్ల నీ స్టూడియోకే పిలువాలె. వాళ్ల ముంగట, నీ చేతులతోని, నా చేతుల వెట్టాలె. మూడోది, కొత్త సర్వరుకు డ్రైవులు నేను సెప్పినట్టు కొనాలె, రెండు ఒకనాడు, రెండు ఇంకోనాడు. రెండో కాపీ మీ ఇంట్ల వేరే ఉండాలె. స్విచ్చు నేను వేస్త. నువ్వు మెట్ల మీద నిలవడు."

"సరే అమ్మా, మంచిరోజు సూపిస్త..."

"రోజు నేను సూస్త."

ప్రభాకర్ నా వైపు తిరిగాడు. అంతకాలం నన్ను మల్లయ్యా అని పిలిచినవాడు, "జెర నువ్వన్న చెప్పు పెద్దమనిషీ" అన్నాడు.

"నేనేం చెప్త ప్రభాకరూ? నేను గూన కప్పుకునేటోన్ని. నాకు ముహూర్తాలు తెల్వయి" అన్నాను.

ప్రమీలాదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఒప్పుకోండి. ఆనాడు నేను గుడ ఏమనకుంట ఊకున్న. ఒప్పుకోండి" అంది. ఆయన ఒప్పుకున్నాడు.

ఆ వారమే స్టూడియోలో అందరూ చేరారు. కొందరు అంతకుముందే రావడం మానేసిన గిరాకీలు, నేనే ఇంటింటికీ పోయి పిలిచాను. పిలవాల్సిన పని నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పనక్కరలేదు. ప్రభాకర్ పాత డ్రైవులు అట్టపెట్టెలో తెచ్చి టేబులు మీద పెట్టబోయాడు.

"టేబుల్ మీద కాదన్నా" అని బాలలక్ష్మి కుడిచెయ్యి చాపింది. "చేతుల."

ఒక్కొక్కటే తీసి ఆమె చేతిలో పెట్టాడు. పెట్టిన ప్రతిదాన్నీ ఆమె తిప్పి, వెనక అతికించిన లేబులు మీద తయారైన తారీఖు అందరికీ చూపించింది. నాలుగూ ఒకే రోజు పుట్టినవి.

"నేను ఆనాడు అన్న మాట తప్పు" అన్నాడు ప్రభాకర్, నేలకేసి చూస్తూ.

షమ్షున్నీసా ముందుకు వచ్చింది. "జర గట్టిగ చెప్పుండ్రి భాయ్, నాకు చెవులు మందం."

"తప్పయింది."

"ఏ మాట తప్పో అది గుడ చెప్పు ప్రభాకరూ" అన్నాను నేను. "ఆనాడు పూర్తిగ అన్నవు గద, ఇయ్యాల సగమేంది?"

చెప్పాడు. పూర్తిగా చెప్పాడు. ఆ మాట వాడి నోట రెండోసారి వినడం నాకు ఎంత తీపిగా ఉందో, మట్టి కోసం ఆఫీసర్లు కట్ట మీదికి వచ్చిననాడు కూడా అంత తీపిగా లేదు. నా మనసు కరిగిందని రాస్తే చదివేవాళ్లకు బాగుంటుందేమో. కరగలేదు.

డ్రైవులు విప్పే పని గదిలో దుమ్ము కణం కూడా ఉండకూడదట. అట్లాంటి ల్యాబు బెంగుళూరులో ఒకటి ఉందని బాలలక్ష్మి ముందే కనుక్కుని పెట్టుకుంది. కొరియరులో వేస్తే విసిరేస్తారని, పాతవీ కొత్తవీ చేతిసంచిలో పెట్టుకుని తానే బయలుదేరింది. కుండలో వడ్ల ఊక పోసి సర్దిస్తానంటే, "మామా, కుండ కన్న నా ఒళ్లే నయం" అని నవ్వింది. సిద్దిపేటలో రైలెక్కి, సికింద్రాబాదులో మారి, సంచి ఒళ్లోంచి దించకుండా పోయింది.

మైత్రి పెళ్లికి ఎక్కువ రోజులు పట్టలేదు. ఒకటి పోయినా మూడు బతికి ఉన్నాయి గనుక, వాటికి ముందుగా కాపీ తీసుకుని పెళ్లి మొత్తం బయటికి లాగారు. పాతవాటితోనే కష్టమైంది. రెండింటికి లోపలి ముల్లు మార్చాల్సి వచ్చింది. మొదటి ప్రయత్నం పోయింది. రెండోదీ పోయింది. ఆ రోజు ఫోనులో ఆమె గొంతు పడిపోయి ఉంది. "వట్టి చేతులతోని మాత్రం రాకు బిడ్డా" అన్నాను. ప్రేమతో అనలేదు, పగతో అన్నాను, ఆమెకు తెలుసు.

మొన్న పొద్దున మళ్లీ ఫోను చేసింది.

"మామా, షమ్షున్నీసా అమ్మను దుకాణంకు పిలువు. ఫోను స్పీకరుల వెట్టు."

ఆమె వచ్చింది. జునైద్ షట్టరు సగం దించాడు, రోడ్డు చప్పుడు రాకుండా. బెంగుళూరు నుంచి ఫోనులో ముసలాయన గొంతు వచ్చింది, ఫజల్ సాబ్ దువా చదువుతున్నాడు, మధ్యలో ఒకసారి దగ్గాడు. షమ్షున్నీసా ఆ దగ్గుకు ఏడ్చింది. తర్వాత బాలలక్ష్మి లైనులోకి వచ్చింది.

"ల్యాబోళ్లు చెప్పిన్రు మామా. బిగించుడుల ఏ తప్పు లేదట. రెండు ఒక్కతీరుగ అరిగి, ఎనుకముందుగ పోయినయట. గట్లనే రాసిచ్చిన్రు."

ఆ మాట నేను ఆ రోజే సిద్దిపేట అంతా చెప్పాను. లాల్ కమాన్ నుంచి మొదలుపెట్టి, పసుపు నీళ్లు చల్లిన ఆవిడ ఇంటి ముందు కాస్త ఎక్కువసేపు నిలబడి చెప్పాను. మూడు స్టూడియోలవాళ్లు అప్పుడే జునైద్‌ను అడిగారట, ఆమె ఎప్పుడు వస్తుందని.

నిన్న ప్రభాకర్ ఫోను చేశాడు. మళ్లీ ఇంకో కొత్త సర్వరు తెచ్చి పెట్టాడు. డ్రైవులు ఆమె చెప్పినట్టే రెండు ఒకనాడు, రెండు ఇంకోనాడు కొన్నాడు. అందులో పేచీ లేదు.

"ఒక్కటే మాట పెద్దమనిషీ. ఆమె వచ్చిననాడే స్విచ్చు వేస్తనంటుంది. ఆనాడు అమావాస్య. ఎవలన్న అమావాస్యనాడు మొదలువెడ్తరా? మర్నాడు శుక్రవారం బాగున్నది. ఒక్కరోజు జరుపుమని జెర చెప్పరాదు?"

"ఆమెనే అడుగు" అన్నాను.

"అడిగిన. 'నాకన్న అపశకునమా అమావాస్య?' అన్నది."

"మరి ఇంకేం? మెట్లు ఊడిపిచ్చి పెట్టు, నువ్వు నిలవడే జాగ" అని ఫోను పెట్టేశాను.

పిలవాల్సినవాళ్లందరినీ మళ్లీ పిలిచాను. బీరువాలోంచి మంచి శాలువా ఒకటి తీసి ఉతికించాను, ఈసారి కప్పేది నేను. బాలలక్ష్మి టికెట్టు మార్చలేదు, మార్చదు. ఆమె బెంగుళూరు నుంచి సిద్దిపేటకు వచ్చేది నవంబరు ఇరవై, గురువారం, అమావాస్య.